పాత లోడరు, వేరే ట్రాక్టరు: హొసకోట పాడి క్షేత్రంలో కొన్నేళ్ల వాడకం తరువాత

బెంగళూరుకు తూర్పున హొసకోట దగ్గర ఉన్న మా పాడి క్షేత్రంలో మొదట 42 హార్స్‌పవర్ మాసీ ఫెర్గూసన్ 241 ట్రాక్టరుకు ముందు లోడరు (బకెట్‌ను ఎత్తి దించే చేతుల పరికరం) ఉండేది. ఆ ట్రాక్టరును అమ్మినప్పుడు లోడరును మాత్రం ఉంచుకొని, 55 హార్స్‌పవర్ జాన్ డీర్ 5310 ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు బిగించుకున్నాము. అప్పటి నుంచి పెంట ఎత్తడానికీ, సైలేజీ (పులియబెట్టి నిల్వ చేసిన పచ్చిమేత) గుంటలోని మేతను తీయడానికీ, ఎర్రమట్టి నింపడానికీ దానినే వాడుతున్నాము. లోడరు చేతులు, సిలిండర్లు, బకెట్ అవే. ఖర్చూ శ్రమా అంతా బ్రాకెట్లకు, నూనె దారికి, వెనుక బరువుకు పోయింది.

పాత బ్రాకెట్లు ఒక్క రంధ్రానికి కూడా కుదరలేదు, వాటిని కోసి అతికించే ఆలోచన మొదటే మానుకున్నాము. ఇలాంటి ట్రాక్టర్లకు లారీకి ఉన్నట్టు వేరే ఛాసిస్ ఉండదు; ఇంజిన్, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్స్ ఒకదానికొకటి బోల్టులతో బిగిసి, అవే మొత్తం బరువు మోస్తాయి. లోడరు స్తంభాలను ముందు భాగానికే బిగిస్తే, నిండు బకెట్‌తో గుంటలో పడిన ప్రతి కుదుపూ ఆ పోత ఇనుము అతుకుల మీదే పడి, చివరకు క్లచ్ హౌసింగ్ పగిలే ప్రమాదం ఉంది. అందువల్ల బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యాలోని ఒక ఫాబ్రికేషన్ షాపులో రెండు వైపులా పొడవైన ఫ్రేము చేయించి, దానిని వెనుక ఇరుసు హౌసింగ్ దాకా తీసుకుపోయి బిగించాము. బోల్టులు ఎక్కువ బలం గల 10.9 గ్రేడువి, హౌసింగ్ మీద ఎక్కడా వెల్డింగ్ లేదు. ఫోర్ వీల్ డ్రైవ్ ముందు టైర్లు పెద్దవి కాబట్టి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఇరుసు ఒకవైపు వాలినప్పుడు టైరు స్తంభానికి రాసుకొనేది. స్టీరింగ్ స్టాపరును సర్దితే అది పోయింది గాని, మలుపు కాస్త పెద్దదయింది. పశువుల కొట్టాల మధ్య సందులో ఒకసారి అదనంగా రివర్స్ తీసుకోవలసి వస్తోంది.

హైడ్రాలిక్స్ విషయంలో చాలామంది మెకానిక్కులు గొట్టాలు కలిపితే చాలంటారు. నేను దానితో ఏకీభవించను. పంపు నుంచి వచ్చే నూనె మొదట లోడరు వాల్వులోకి, అక్కడి నుంచి వెనుక లిఫ్టుకు పోయే ఏర్పాటులో, వాల్వుకు ‘పవర్ బియాండ్’ మార్గమూ (ఒత్తిడితో ఉన్న నూనెను తరువాతి పరికరానికి పంపేది), ట్యాంకుకు వేరే రిటర్న్ గొట్టమూ ఉండాలి. అవి లేకుండా వాల్వు రిటర్న్ రంధ్రాన్నే లిఫ్టుకు కలిపితే, లిఫ్టు పనిచేసినప్పుడల్లా ఒత్తిడి ఆ వైపు పడి, అంత ఒత్తిడికి తయారు కాని వాల్వు సీళ్లు చెడిపోతాయి, ఒక్కోసారి వాల్వే పగులుతుంది. బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు కొలత) మరలు, మెట్రిక్ మరలు చూపుకు ఒకేలా ఉండి రెండు చుట్లు ఎక్కుతాయి కూడా. నూనె కారేది తరువాత. సరైన అడాప్టర్లు పీణ్యాలోనే దొరికాయి. గేర్‌బాక్సుకూ హైడ్రాలిక్సుకూ ఒకే నూనె, బ్రేకులు నూనెలో మునిగే రకం కనుక, సిలిండర్లలోని పాత నూనెను పూర్తిగా ఖాళీ చేశాకే కలిపించాము.

పెద్ద ట్రాక్టరుకు మారితే లోడరు బలం పెరుగుతుందనుకోవడం సరికాదు. 50 మిల్లీమీటర్ల బోర్ (లోపలి వ్యాసం) గల సిలిండరు 150 బార్ ఒత్తిడి వద్ద సుమారు 3 టన్నుల బలం ఇస్తుంది, అది ఏ ట్రాక్టరుకు తగిలించినా అంతే. ఒత్తిడి హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వును బిగించి ఒత్తిడి పెంచవచ్చు గాని, చేతులూ పిన్నులూ పాత లెక్కకే చేసినవి కాబట్టి మేము దానిని తాకలేదు. పెరిగేది వేగం: అర మీటరు స్ట్రోకు గల రెండు సిలిండర్లు నిండడానికి సుమారు 2 లీటర్ల నూనె కావాలి, నిమిషానికి 20 లీటర్ల పంపుకు అది 6 సెకన్లు, 40 లీటర్ల పంపుకు 3 సెకన్లు.

అన్నింటికంటే ముఖ్యమైనది వెనుక బరువు. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు, బకెట్ ముందు ఇరుసుకు ఒకటిన్నర మీటరు ముందు ఉందనుకుంటే, 500 కిలోల పెంట ముందు ఇరుసు మీద 875 కిలోలు మోపుతుంది, వెనుక ఇరుసు నుంచి 375 కిలోలు లాగేస్తుంది. బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయని గుర్తుంచుకుంటే, వాలులో దిగేటప్పుడు దీని అర్థం తెలుస్తుంది. లిఫ్టు చేతులకు కాంక్రీటు దిమ్మె తగిలించి, వెనుక టైర్లలో ముప్పావు వంతు నీళ్లు నింపించాము. దిమ్మె లేకుండా బకెట్ నింపవద్దని డ్రైవరుకు గట్టిగా చెప్పి ఉంచాము.

పాత ట్రాక్టరు వానల్లో పెంట దిబ్బ దగ్గర ముందు చక్రాలు దిగబడి ఆగిపోయేది, ఇది ఆగదు. అయినా గట్టి నేలను తవ్వడానికి వాడము, ఎందుకంటే వెనుక తేలికైన క్షణంలో తోపు బలమంతా ముందు డిఫరెన్షియల్ మీద పడుతుంది. పిన్నులకు రోజూ గ్రీజు పెట్టినా బకెట్ బుష్‌లు ఒకసారి మార్చవలసి వచ్చింది, అది మామూలే. లోడరును స్టాండు మీద దించి విడదీయవచ్చు గాని కింది ఫ్రేము ట్రాక్టరుకే ఉండిపోతుంది, నేలకూ దానికీ మధ్య ఎత్తు తగ్గుతుంది. అందుకే నిలిచిన పైరులో పనికి ఇప్పటికీ బాడుగ ట్రాక్టరునే పిలుస్తున్నాము.