ఫార్మర్స్ మార్కెట్: మూడు ఎక్కడ పడాలి?

ఆరేళ్ళుగా వింటున్నాను, జాజ్‌నీ బల్గేరియా జానపదాన్నీ కలిపి వాయించే ఈ నార్వే బ్యాండ్ ఫార్మర్స్ మార్కెట్ వాళ్ళ మీద ఇంకా కోపం తీరలేదు. అయినా ముందు మెచ్చుకోవాల్సిందే.

చిన్నప్పుడు మూడేళ్ళు మృదంగం నేర్చుకుని మానేసినవాణ్ణి నేను. వీళ్ళ ఆల్బమ్ 'సర్ఫిన్ యూఎస్ఎస్ఆర్' (2008) పెట్టుకుని, ఏడు మాత్రల నడక చెవిన పడగానే, ఓస్, మూడూ నాలుగుగా విడిపోయే మన మిశ్రచాపు తాళమే కదా అని బల్ల మీద తకిట తకధిమి మొదలెట్టాను. సమం దగ్గర, అంటే తాళం మొదటి దెబ్బ దగ్గర, కలుస్తోంది. మధ్యలో దెబ్బలు మాత్రం పక్కకి పడుతున్నాయి. వేగం ఎక్కువై నా చెయ్యి అందుకోలేకపోతోంది అనుకున్నా. వారం రోజులు ఇదే పని.

ఒక సాయంత్రం అమ్మ బీరకాయ చెక్కు తీస్తూ విన్నది. పీలర్ పక్కన పెట్టి, తొడ మీద చేత్తో నాలుగు ఆవర్తాలు (తాళం నాలుగు చుట్లు) వేసి చూసింది. "మూడు నువ్వు ముందేస్తున్నావురా. వాళ్ళు చివర్న వేస్తున్నారు" అంది. తక తక తకిట. అంతే! ఈ నాట్య తాళాన్ని బల్గేరియాలో రచెనిత్స అంటారని నాకు తర్వాత తెలిసింది. ఆ దేశం ఎక్కడుందో అమ్మకి ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత కొపనిత్స అనే పదకొండు మాత్రల మరో బల్గేరియా నాట్య తాళం మీద పడ్డాను: తక తక తకిట తక తక. ఆ లెక్క మీద స్టియాన్ కార్స్టెన్సెన్ అకార్డియన్, బల్గేరియా నుంచి వచ్చిన త్రిఫోన్ త్రిఫోనోవ్ శాక్సోఫోన్ కలిసి పరుగెడితే రెండు వాద్యాలని చెప్పలేం. అక్కడి పెళ్ళి బ్యాండ్ల వేగం అది. ఇక డ్రమ్స్ వాయించే యార్లే వెస్పెస్టాడ్! టోర్డ్ గుస్టావ్‌సెన్ ట్రియో అనే నెమ్మదైన జాజ్ బృందంలో వినబడీ వినబడనట్టు వాయించేది ఈయనే అంటే నమ్మబుద్ధి కాదు.

కోపం ఎందుకంటారా? ఆ సాయంత్రం అమ్మ తాళంలో కుదురుకుందో లేదో, పాట ఉన్నట్టుండి సర్ఫ్ గిటార్‌లోకి, అంటే అరవైల నాటి అమెరికన్ రాక్ గిటార్ బాణీలోకి, దూకింది. "ఏమొచ్చింది వీళ్ళకి?" అని అమ్మ కూర చూసుకోడానికి లేచిపోయింది. మళ్ళీ పిలిస్తే రాలేదు. ఈ దూకుళ్ళే వీళ్ళ గొప్పతనమని మొదటి ఏడాది ఫ్రెండ్స్ అందరికీ నేనే చెప్పాను. నిజంగానే పడీ పడీ నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఎక్కడ దూకుతారో ముందే తెలుసు. పదోసారి విన్న జోక్ అది. రెండు పాటలు కాగానే ఆపేస్తున్నాను, మొత్తం ఆల్బమ్ ఒకే ఊపులో విని రెండేళ్ళయింది.

తాళం పిచ్చి ఉన్నవాళ్ళు తప్పక వినొచ్చు. జాజ్ కోసం వచ్చేవాళ్ళకి నచ్చుతుందో లేదో, ఆ చెవి నాకు లేదు కాబట్టి చెప్పలేను. బండి నడిపేటప్పుడు మాత్రం నేను పెట్టను. సిగ్నల్ దగ్గర పదకొండు లెక్కపెడుతూ, పచ్చ లైట్ పడ్డా కదలక, ఒకసారి వెనకాల ఆటో అతని చేత తిట్లు తిన్నాను.