భజన మంటపం నుంచి చర్చి దాకా: క్యాసియో సీటీ-ఎస్300 కీబోర్డుపై ఒక వాద్యకారుడి సమీక్ష

క్యాసియో వారి సీటీ-ఎస్300 కీబోర్డును నాలుగైదేళ్లుగా కడపలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ భజనలకు, పెళ్లిళ్లలో లలిత సంగీతానికి, ఇంటి దగ్గర పిల్లల పాఠాలకు వాడుతున్నాను. ఈ కాలంలో దాని ముందు కూర్చుని వాయించి చూసిన వారిలో హార్మోనియం మాస్టార్లు, చర్చి గాయక బృందాల కుర్రవాళ్లు, ఆర్కెస్ట్రా వాళ్లు, ఒక వీణ టీచరు గారు ఉన్నారు. వీరంతా ఒకే వాద్యం గురించి మాట్లాడుతున్నారా అని సందేహం కలిగేంత వేరుగా వారి అభిప్రాయాలు ఉన్నాయి. నా మాట ముందే చెబుతాను. ఊరూరా తిరిగే పక్కవాద్యకారుడికి ఈ ధరలో నేను వాయించి చూసిన వాటిలో ఇదే మేలైనది. కర్ణాటక సంగీతం కొత్తగా మొదలుపెట్టిన పిల్లల చేతికి, పక్కన గురువు లేకుండా ఇవ్వదగినది మాత్రం కాదు.

ఇది 2019లో మార్కెట్లోకి వచ్చిన నమూనా. పూర్తి కొలత ఉన్న 61 మెట్లు, 400 స్వర ధ్వనులు, 77 రిథమ్‌లు ఉన్నాయి. ఒకేసారి 48 ధ్వనుల దాకా పలుకుతుంది. నేను కొన్నప్పుడు ధర పదివేల చుట్టుపక్కల ఉండేది. నాలుగు వందల ధ్వనులను దుకాణంలో వినిపించి మురిపిస్తారు గానీ, నిజంగా పనికి వచ్చేవి పదో పన్నెండో ఉంటాయి. పియానోలు, తీగవాద్యాల బృంద ధ్వని, వేణువు, ఒకటి రెండు ఆర్గన్లు తప్ప నేను ఇంకొకటి పెద్దగా తాకను.

దీని అసలు గొప్పతనం బరువులో ఉంది. సెల్లులు లేకుండా 3.3 కిలోలు మాత్రమే తూగుతుంది, వెనుక అంచులోనే చేతికి పట్టు ఉంటుంది. పెట్టె హార్మోనియం పది కిలోల చుట్టూ ఉంటుంది కాబట్టి, దాన్ని మోసి భుజం అరిగిన వాళ్లకే ఈ తేడా తెలుస్తుంది. పొడవు మూడడుగులకు కొంచెం ఎక్కువ. మైదుకూరు వెళ్లే పల్లెవెలుగు బస్సులో మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చోవచ్చు, కండక్టరు సామాను టికెట్టు అడగడు. ఇది కొన్నాక పెద్ద కీబోర్డును ఇంట్లో వదిలి వెళ్లిన కార్యక్రమాలే ఎక్కువ.

రెండో గొప్పతనం సెల్లులు. ఆరు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది. పల్లెల్లో రాత్రి భజన జరిగే చోట విద్యుత్తు ఉన్నా ప్లగ్ పాయింటు ఎక్కడో ఇరవై గజాల దూరంలో ఉంటుంది, అక్కడి నుంచి లాగిన తీగ మీద జనం నడుస్తుంటారు, మధ్యలో కరెంటు పోతే జనరేటరు అందుకునే లోపల పాట చచ్చిపోతుంది. సెల్లుల మీద వాయిస్తున్న వాడికి ఈ బాధ ఏదీ లేదు. మంచి ఆల్కలైన్ సెల్లులైతే ధ్వని మధ్యస్థంగా పెట్టుకుని ఒక రాత్రి భజన నిశ్చింతగా గట్టెక్కించవచ్చు. తరచుగా వెళ్లేవారు రీచార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు రెండు జతలు ఉంచుకోవడం మంచిది. వాటిని వాడుతున్నప్పుడు సెల్లు రకాన్ని కీబోర్డు అమరికలో కూడా సరిచూసుకోవాలి, లేకపోతే శక్తి మిగిలి ఉండగానే తక్కువైందన్న గుర్తు చూపవచ్చు.

సెల్లులతో ఇంకొక లాభం మైకు సెట్టు దగ్గర బయటపడుతుంది. దీని లోపలి స్పీకర్లు ఒక్కొక్కటి రెండు వాట్లవి. గదిలో పాఠానికి, పది మంది కూర్చున్న భజనకు సరిపోతాయి, షామియానా కింద మాత్రం మద్దెల, తాళాల హోరులో వినపడవు. విడిగా లైన్ అవుట్ లేదు కాబట్టి హెడ్‌ఫోన్ రంధ్రం నుంచే మిక్సర్‌కు తీగ వేయాలి. ఇక్కడే చాలామంది ఇబ్బంది పడతారు. ఆ చిన్న రంధ్రం స్టీరియోది. మోనో పిన్ను గుచ్చితే ఒక వైపు ధ్వని ఎర్త్‌కు కలిసిపోయి, వేణువు ఉన్నట్టుండి డొల్లగా వినిపిస్తుంది. చిన్న స్టీరియో పిన్ను ఒక కొసన, రెండు పెద్ద మోనో పిన్నులు మరో కొసన ఉన్న తీగను సొంతంగా కొని సంచిలో పెట్టుకోవాలి, సౌండ్ వాళ్ల దగ్గర అది ఉంటుందని నమ్ముకోకూడదు. అడాప్టర్ మీద ఉన్నప్పుడు స్పీకర్లలో గుంయ్ అనే హోరు వస్తే, సెల్లుల మీదకు మారి చూడండి. చాలాసార్లు అది అక్కడికక్కడే ఆగిపోతుంది. అడాప్టర్ కూడా 9.5 వోల్టులది, కంపెనీ చెప్పిన రకమే వాడాలి. మా బృందంలో ఒకరు బజారులో దొరికిన చవక అడాప్టర్ ఏదో తెచ్చి పెట్టగా, పల్లవికి ముందు హోరే శ్రుతిగా నిలిచింది.

ఇక శ్రుతి సంగతి. హార్మోనియం మాస్టార్లతో నాకు ఎక్కువ వాదన జరిగింది దీని మీదే. మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు, అమ్మవార్ల భజనలో ఆడవాళ్లు ఐదు, ఐదున్నర అందుకుంటారు. అంటే పాశ్చాత్య లెక్కలో సీ, సీ షార్ప్ నుంచి జీ, జీ షార్ప్ దాకా వాద్యం జరగాలి. ఈ కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ నొక్కి పన్నెండు స్వరస్థానాలు పైకీ కిందకీ జరపవచ్చు. అదే వేళ్ల అమరికతో ఏ గాయకుడికైనా తోడు పోవచ్చు. ఒక పెద్ద మాస్టారు దీన్ని చూసి, వేళ్లకు సోమరితనం నేర్పే మీట ఇదేనన్నారు. ఆయన ఏ మెట్టు నుంచైనా షడ్జం అనుకుని మాయామాళవగౌళ రాగం వాయించగలరు. ఆ విద్య లేనివాళ్లం మేము. అయినా ఆయన మాటలో నిజముంది. ట్రాన్స్‌పోజ్ అలవాటైన నా విద్యార్థులు మామూలు హార్మోనియం ముందు కూర్చుంటే తడబడతారు. కాబట్టి పాఠంలో ఆ మీటను ముట్టనివ్వను, కచేరీలో మాత్రం సిగ్గుపడకుండా వాడతాను.

దీనికంటే తక్కువగా చెప్పుకునే సదుపాయం సూక్ష్మ శ్రుతి సవరణ. మూల స్వరాన్ని 440 హెర్ట్జ్ నుంచి సుమారు 415 దాకా దించవచ్చు, 465 దాటించవచ్చు. పాత హార్మోనియంలు 440కి సరిగ్గా ఉండవు, ఎండలకు రీడ్లు కూడా కొద్దిగా జరుగుతాయి. అలాంటి హార్మోనియం పక్కన కూర్చున్నప్పుడు కీబోర్డునే సవరించుకోవాలి తప్ప వేరే దారి లేదు. అది చేయకుండా రెండు వాద్యాలు కలిపి మోగిస్తే వచ్చే అలల లాంటి కంపనం పాడేవాడి గొంతును తినేస్తుంది.

వీణ టీచరు గారి అభ్యంతరం మాత్రం ఏ మీటతోనూ తీరదు. తంబూరా షడ్జానికి 5:4 నిష్పత్తిలో పలికే అంతర గాంధారం మన చెవికి హాయిగా ఉంటుంది. కీబోర్డు అష్టకాన్ని పన్నెండు సమాన భాగాలు చేస్తుంది కాబట్టి, ఒక్కో భాగాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తే అందులోని గాంధారం దాదాపు 14 సెంట్లు హెచ్చుగా ఉంటుంది. తంబూరా ఆపి వింటే పసిగట్టలేం, తంబూరా మోగుతుండగా ఆ ఒక్క మెట్టును నొక్కి నిలిపితే గీరినట్టు తెలుస్తుంది. పైగా తోడి రాగంలోని గాంధారం లాంటిది ఒక చోట నిలిచే స్వరమే కాదు, కదలికే దాని రూపం. ఇదే అభ్యంతరంతో 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని దూరం పెట్టింది, 1971 దాకా ఆ కట్టు సడలలేదు. 1963లో మొదలైన మా కడప కేంద్రం కూడా ఆ కాలంలోనే పుట్టింది. హార్మోనియం మీద వచ్చిన అభ్యంతరం కీబోర్డుకూ యథాతథంగా వర్తిస్తుంది. ఒక చిన్న వెసులుబాటు మాత్రం ఉంది.

ఆ వెసులుబాటు ఎడమ వైపున ఉన్న, స్వరాన్ని పైకీ కిందకీ వంచే పిచ్ బెండ్ చక్రం. దీన్ని బొటనవేలితో ఊపుతూ కుడి చేత్తో వాయిస్తే వేణువు, షెహనాయి తరహా ధ్వనులకు జారు (స్వరం నుంచి స్వరానికి జారడం), కొంత కంపితం (స్వరాన్ని ఊపడం) లాంటి గమకాలు వస్తాయి. లలిత గీతంలో మధ్యమం నుంచి గాంధారానికి దిగే జారు చక్కగా పలుకుతుంది. రాగాలాపనకు ఇది చాలదు. చేతికి అందే దూరం, గమకం కోరే దూరం వేరువేరు. పైగా ఎడమ చేయి చక్రం మీద ఉన్నంతసేపు తోడు కార్డ్‌లు (కలిపి నొక్కే స్వరాల గుంపులు) వాయించడం కుదరదు. అయినా ఈ ధరలో చక్రం ఉండడమే విశేషం. ఆ చక్రం లేనందుకే యమహా పీఎస్ఆర్-ఎఫ్51ను భజనకు తీసుకోవద్దని నేను చెబుతుంటాను. అందులో వేలి బలానికి తగ్గట్టు ధ్వని మారే టచ్ కూడా లేదు. ఊరికే ఇంట్లో పాటలు వాయించుకునే వాళ్లకు అది చాలు.

టచ్ అనే మాట చర్చి కుర్రవాళ్లకు ప్రాణం. ఆదివారం ఆరాధనలో తెలుగు క్రైస్తవ కీర్తనలకు మెల్లగా పియానో మీద కార్డ్‌లు పరిచి, పల్లవి దగ్గర గట్టిగా అందుకోవాలంటే వేలి బరువు తేడాను వాద్యం పట్టుకోవాలి. సీటీ-ఎస్300 పట్టుకుంటుంది, వేలు తీసినా స్వరాన్ని నిలిపి ఉంచే సస్టెయిన్ పెడల్ విడిగా కొని తగిలిస్తే ధ్వని ఇంకా నిండుగా వస్తుంది. వారి ఫిర్యాదు ఏమంటే మెట్లు పియానో లాగా బరువుగా ఉండవు, స్ప్రింగు మీద తేలిపోతాయి. అది నిజమే. హార్మోనియం నుంచి వచ్చిన వారికి అదే సౌకర్యం. ఇక్కడ ఒక సున్నితమైన లోటు ఉంది, దాన్ని హార్మోనియం మాస్టార్లే మొదట పట్టుకున్నారు. గాలి తిత్తిని తెరుస్తూ, మూస్తూ ఒకే స్వరాన్ని మెల్లగా పెంచి తగ్గించడం హార్మోనియంలో ఉంది. ఇందులో మెట్టు నొక్కిన క్షణంలో ఎంత బలం పెట్టామో అంతే, ఆ తర్వాత స్వరాన్ని ఉబ్బించే ఎక్స్‌ప్రెషన్ పెడల్‌కు చోటు లేదు. నిదానంగా సాగే కీర్తనలో ఈ లోటు నాకూ తగులుతూనే ఉంటుంది.

ఆర్కెస్ట్రా వాళ్ల అభిప్రాయం రెండు వాక్యాల్లో ముగుస్తుంది. తమ సొంత ధ్వనులు ఎక్కించుకునే వీలు లేని వాద్యం వారికి పనికిరాదు, రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 లాంటి వాటితోనే వారి పని. అది న్యాయమే, కాని ఆ కొలతతో దీన్ని తూచడం సరికాదు.

రిథమ్‌లను నేను దాదాపు వాడను. చెక్కభజనకూ, పండరి భజనకూ మద్దెల, తాళాలు, వేసేవారి అడుగులు ఉండగా యంత్రపు లయతో పని ఏముంది? పైగా బృందం ఉత్సాహం కొద్దీ వేగం పెంచుతూ పోతుంటే యంత్రం పెంచదు. లయ కొట్టి చూపే మెట్రోనోమ్ మాత్రం పాఠాలకు చాలా ఉపకరిస్తుంది.

కాసేపు ఎవరూ వాయించకపోతే కీబోర్డు దానంతటదే ఆరిపోతుంది. హరికథలో పిట్టకథ సాగినా, పాస్టరు గారి ప్రసంగం సాగినా, మళ్లీ పాట అందుకునే వేళకు మెట్లు మూగవై ఉంటాయి. దీన్ని నిలిపివేసే ఏర్పాటు ఉంది, చేతిపుస్తకంలో చూసి కార్యక్రమానికి ముందే చేసుకోవాలి. ఆరి వెలిగాక అన్నీ మొదటి స్థితికి వస్తాయి కనుక, ఇష్టమైన అమరికను మై సెటప్ మీటలో దాచుకుంటే ఒక్క నొక్కుతో తిరిగి తెచ్చుకోవచ్చు.

దుమ్ము గురించి మా జిల్లా వాళ్లకు వేరే చెప్పాలా? ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దారిలోనో, బండలు కోసే యూనిట్ల పక్క ఊళ్లలోనో వాయించేవారు గుడ్డ సంచి మీద ఆధారపడకూడదు. ఈ తరహా కీబోర్డులన్నిటిలో మెట్టు కింద రబ్బరు బొడిపె, దాని అడుగున కర్బన పొర ఉంటాయి. సన్నని పొడి అక్కడికి చేరితే మెట్టు ఒకసారి పలికి ఇంకోసారి పలకదు, లేదా ఎంత మెల్లగా నొక్కినా గట్టిగా అరుస్తుంది. జిప్పుతో మూసే మందపాటి సంచి, పైన కప్పే పాత పంచె ఉంటే చాలు. మే నెల ఎండలో మూసిన కారులో వదలకండి.

కొనేవారు సస్టెయిన్ పెడల్, స్టాండు, తీగలు, సంచి కలిపి ఇంకొక రెండు మూడు వేలు లెక్కలో పెట్టుకోవాలి. దుకాణంలో వినిపించే డెమో పాటలకు మురిసిపోకుండా, ధ్వనిని చివరిదాకా పెంచి అడుగు వైపు మెట్లు ఒక్కొక్కటిగా నొక్కి స్పీకరు చిర్రుమంటుందేమో వినండి. చక్రాన్ని పైకి తోసి వదిలితే నడుమకు వచ్చి నిలుస్తుందో లేదో చూడండి. ఆ తర్వాత ఫోనులో తంబూరా పెట్టి దానితో కలిపి షడ్జ పంచమాలు వాయించండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే, మిగిలిన మూడు వందల తొంభై ధ్వనులను ఇంటికి వెళ్లాక తీరికగా వినవచ్చు.