పోటూ పాటూ చూసి వెళ్ళాల్సిన బస

ఏసీ గది, స్విమ్మింగ్ పూలు, రాత్రికి పాటలూ డాన్సులూ కావాలనుకునేవాళ్ళకి ఈ బస నచ్చదు. పిట్టల్నీ, పీతల్నీ, మడ అడవినీ ఓపిగ్గా చూడాలనుకునేవాళ్ళకి మాత్రం మన గోదావరి డెల్టాలో నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి చోటు లేదు. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మడచెట్టు శ్వాసవేర్ల బొమ్మ బోర్డు మీద గీసీ గీసీ, వాటి మధ్య ఒక పగలూ ఒక రాత్రీ గడపాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. చొల్లంగి అమావాస్య వెళ్ళాక వచ్చిన శనివారం మావారు, పదేళ్ళ మా బాబు, మా అత్తగారితో కలిసి రాజమండ్రి నుంచి బయల్దేరాం.

కోరింగ అభయారణ్యం అనగానే చాలామందికి గుర్తొచ్చేది చొల్లంగి వైపు అటవీశాఖ వేసిన చెక్కబాట, బోటు షికారు. అదీ బాగుంటుంది, చిన్నపిల్లలతో వెళ్ళడానికి సులువు కూడా. 1978లో ప్రకటించిన ఆ అభయారణ్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఈ బస దాని హద్దులో లేదు. గౌతమికి అవతల, కోనసీమ వైపు, ఒక లంక చివర ఉంది. యానాం దగ్గర వంతెన దాటి, రేవుదాకా కార్లో వెళ్ళి, అక్కణ్ణుంచి పడవెక్కాలి. వేరే దారి లేదు.

ఆ పడవ దగ్గరే మొదటి ఇబ్బంది. ఫోన్లో మమ్మల్ని ఉదయం ఏడింటికల్లా రేవులో ఉండమన్నారు. తీరా వెళ్తే పాయలో నీళ్ళే లేవు, పడవ బురదలో కూర్చుని ఉంది. పోటెక్కి పడవ తేలేసరికి తొమ్మిది దాటింది. రెండు గంటలు మా అత్తగారు ఎండలో ఒక పెట్టె మీద కూర్చున్నారు. సముద్రం పక్కన బస నడిపేవాళ్ళకి పోటు ఎప్పుడొస్తుందో తెలియకపోదు. రోజుకి నీళ్ళు ఎక్కే పోట్లు రెండు, నీళ్ళు తీసే పాట్లు రెండు, ప్రతి రోజూ ముప్పావు గంటకి పైగా ఆలస్యమవుతూ వస్తాయి. ఆ లెక్క రేవులో వలలు సర్దుకుంటున్న ప్రతివాళ్ళకీ నోటికొచ్చు. బుకింగ్ చూసే అబ్బాయికి కూడా నేర్పిస్తే సరిపోయేది.

బస చాలా మామూలుగా ఉంది, అదే బాగుంది. నేలకి ఎత్తుగా స్తంభాల మీద కట్టిన నాలుగు గదులు, తాటాకు కప్పు, దోమతెరలు, సోలార్ దీపాలు. తాగే నీళ్ళు టిన్నుల్లో పడవ మీద తెస్తారు. స్నానానికి మాత్రం బోరునీళ్ళే, ఉప్పుగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. సాయంత్రం దోమలు విపరీతం. పొడుగు చేతుల చొక్కాలు తప్పనిసరి.

మధ్యాహ్నం రెండింటికి పాటు మొదలయ్యాక పాయలోకి తీసుకెళ్ళారు. ఈ బసకి మీరిచ్చే డబ్బంతా ఈ ఒక్క ప్రయాణానికే అనుకున్నా నష్టం లేదు. మా సరంగు చిన్నప్పట్నుంచీ ఇదే నీళ్ళలో వేటకెళ్ళిన మనిషి. పాయ ఇరుకయ్యేదాకా ఇంజను, ఆ తర్వాత ఇంజను ఆపి గెడ వేసుకుంటూ పోనిచ్చారు. నీళ్ళు తగ్గేకొద్దీ రెండు వైపులా బురద బయటపడింది. మొదట ఏమీ కనబడలేదు. కాసేపు కదలకుండా ఉన్నాక ఆ బురదంతా కదులుతోంది! చిన్నచిన్న పీతలు, ఒక్కోదానికి ఒక డెక్క మాత్రం ఒళ్ళంత పెద్దది, దాన్ని పైకెత్తి ఊపుతున్నాయి. పెద్ద డెక్క ఉన్నవన్నీ మగవి. రెండో డెక్క చిన్నది, దాంతోనే బురద తీసి నోట్లో పెట్టుకుంటాయి, అందులో తినదగ్గది తిని మిగతాది చిన్న ఉండలుగా బయటపెడతాయి. ఆడపీతలకి రెండూ చిన్నవే కాబట్టి రెండు చేతులా తింటున్నాయి. మా బాబు ఒకే బొరియని చూస్తూ ఉండిపోయాడు. నీడ పడితే లోపలికి, నీడ తప్పుకుంటే బయటికి. వాటి పక్కనే రొమ్ము రెక్కల మీద పాకుతూ, ఎగురుతూ బురదచేపలు. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపూ చర్మంతో కూడా గాలి పీల్చుకుంటాయి. పాఠంలో వాక్యంగా ఎన్నోసార్లు చెప్పిన విషయం ఎదురుగా జరుగుతుంటే నాకు మాట రాలేదు.

మడ ఆకు అడుగున ఉప్పు చూపిస్తానని మా బాబు కోసం ఆకు అందుకోబోయాను. "ఆగండమ్మా, అది తిల్లండి. పాలు కంట్లో పడితే చూపు పోద్దండి. ఇదిగోనండి, మడంటే ఇదీ" అని సరంగు పక్క చెట్టు కొమ్మ వంచారు. చెట్టు పీల్చుకున్న ఉప్పుని మడ ఆకుల మీదికే నెట్టేస్తుంది, ఎండకి అది తెల్లగా పేరుకుంటుంది. మా బాబు నాలుక ఆనించి చూసి, "నిజంగా ఉప్పేనమ్మా" అన్నాడు. ఇంకొంచెం ముందు ఉప్పుపొన్నకి మునక్కాడల్లా వేలాడుతున్నవి కాయలు కావు, చెట్టు మీదే మొలకెత్తిన మొక్కలు. పాటు మీద రాలితే సూటిగా బురదలో దిగి నాటుకుంటాయి. పోటు మీద రాలితే తేలుతూ పోయి ఎక్కడ నేల తగిలితే అక్కడ నిలబడతాయి.

మలుపు దగ్గర నీరుకుక్కలు (ఆటర్లు) కనబడ్డాయి. నాలుగు పెద్దవి, రెండు పిల్లలు. ఒకటి చేపని ముందుకాళ్ళతో పట్టుకుని తల దగ్గర్నుంచి కరకరా నమిలేస్తుంటే ఆ చప్పుడు మాకు వినబడింది. "మా వలలు చింపేత్తాయండి ఇవి. అయినా వాటి తిండీ ఇదే కదండీ, ఏం చేత్తాం" అన్నారు సరంగు. వల పోగొట్టుకునే మనిషి అన్న ఆ మాట మీద నాకు చాలా గౌరవం కలిగింది.

భోజనం గురించి ఎక్కువ చెప్పను, బాగుంది. మండపీతల ఇగురు, వంకాయ మెత్తళ్ళ కూర మా ఇద్దరికీ. మా అత్తగారు శనివారం నీచు ముట్టుకోరు. ఆవిడకి వేరే పొయ్యి మీద, వేరే గిన్నెల్లో పనసపొట్టు కూర, ముద్దపప్పు చేసిపెట్టారు. అడక్కుండానే గిన్నెలు వేరే పెట్టారని ఆవిడ ఇంటికొచ్చాక కూడా చెప్పారు.

రాత్రి సంగతికి వస్తే, నాకు నచ్చని పని అదొక్కటే. సెర్చిలైటు వేసి బావురుపిల్లిని (ఫిషింగ్ క్యాట్‌ని) చూపిస్తామని, దానికి విడిగా డబ్బు కట్టాలని మేనేజరు అన్నారు. వద్దన్నాను. అది రాత్రిపూట ఒడ్డున నీళ్ళకేసి చూస్తూ, చేప కదిలేదాకా కాచుకుని వేటాడే జంతువు. కళ్ళలోకి లైటు కొడితే ఆ పూటకి దాని వేట పాడైనట్టే. ప్రపంచవ్యాప్తంగా ముప్పులో ఉన్న జంతువుల జాబితాలో ఉంది, మన చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో ఉంది. సాయంత్రం బురదలో దాని అడుగులు సరంగు చూపించారు, మిగతా పిల్లుల్లా గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోదు కాబట్టి గోటి గుర్తులు కూడా పడ్డాయి. మాకు అది చాలు.

మర్నాడు పొద్దున, పోటెక్కుతుండగా నదీముఖం వైపు వెళ్ళాం. ఇది చాలా తెలివైన ఏర్పాటు. పాటు మీద వెళ్తే వలస పిట్టలు ఎక్కడో దూరాన బురద చివర చుక్కల్లా ఉంటాయి. పోటెక్కే కొద్దీ నీళ్ళు వాటిని ఒడ్డుకి నెడతాయి, పడవ కదలకుండా ఉంటే అవే దగ్గరికొస్తాయి. పొడుగాటి ముక్కు కిందికి వంగిన కర్లూలు, వందలకొద్దీ ఉల్లంకులు, వాటిమధ్య నిదానంగా నడిచే తెల్లకొంగలు. వీటిలో చాలావాటి గూళ్ళు సైబీరియా వైపు. ఎండాకాలం ముఖం పట్టేలోపు వేల కిలోమీటర్లకి సరిపడా కొవ్వు ఒంట్లో చేర్చుకోవాలి. సరిగ్గా అప్పుడు వేరే ఎవరిదో బోటు స్పీకర్ల మోతతో వచ్చింది. గుంపంతా లేచిపోయింది. అలా లేచిన ప్రతిసారీ అవి తిన్నది కరిగిపోతుంది. ఆ బోటులో ఉన్నవాళ్ళకి ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే పాట ఆపేవాళ్ళనే అనుకుంటున్నాను. మా సరంగు చెయ్యెత్తి సైగ చేశారు గానీ వాళ్ళు చూడలేదు.

ఖర్చు మనిషికి మూడున్నర వేలు, పడవా భోజనాలూ కలిపి. పిల్లలకి సగం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి పడవ ఎక్కడం, దిగడం కష్టమే. ఇద్దరు చెయ్యి పట్టుకుంటే గానీ మా అత్తగారు దిగలేకపోయారు, రేవులో రెండు మెట్లు కట్టించాలి. వలస పిట్టల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళండి. అమావాస్యకో పౌర్ణమికో దగ్గర్లో అయితే పోటూ పాటూ పెద్దవి, బురద ఎక్కువ బయటపడుతుంది. ఫోన్ చేసినప్పుడు ఆ రోజు పోటు ఎన్నింటికని అడిగి, దాన్నిబట్టి బయల్దేరండి. సెర్చిలైటు మాకు వద్దని కూడా అప్పుడే చెప్పండి. నలుగురైదుగురు అలా చెబితే వాళ్ళే మానేస్తారు.