అహ్మదాబాద్ ఐఐఎం వ్యవసాయ పరిశోధన, నల్లగొండ బత్తాయి: కొన్నేళ్లు వాడాక

బిజినెస్ స్కూల్ అనగానే లక్షల ఫీజు, క్యాట్ ర్యాంకు గుర్తొస్తాయి. అహ్మదాబాద్ ఐఐఎం క్యాంపస్‌లో నేను అడుగు పెట్టలేదు. కానీ అక్కడి సెంటర్ ఫర్ మేనేజ్‌మెంట్ ఇన్ అగ్రికల్చర్ చేసే పరిశోధనను కొన్నేళ్లుగా చదువుతున్నాను, వాడుతున్నాను. నల్లగొండ దగ్గర బత్తాయి రైతుల సంఘంలో లెక్కలు, అమ్మకాలు చూడటం నా పని. ఎంబీఏలో చదివిన సబ్బుల, కార్ల ఉదాహరణలు ఇక్కడ అక్కరకు రాలేదు. ఆ కేంద్రం పరిశోధన పత్రాలు అక్కరకొచ్చాయి.

అహ్మదాబాద్ ఐఐఎం 1961లో మొదలైంది. తొలి ఏళ్లలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ సహకారం ఉంది. వ్యవసాయానికి విడిగా ఒక కేంద్రం పెట్టుకోవడమే నాకు నచ్చిన విషయం. వర్కింగ్ పేపర్లు, అంటే అక్కడి పరిశోధకులు రాసే అధ్యయన పత్రాలు, వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, పీడీఎఫ్ దించుకుని ఫోన్‌లోనే చదువుకోవచ్చు.

నాకు బాగా పనికొచ్చింది 2004 నాటి ఒక పత్రం. అహ్మదాబాద్, చెన్నై, కోల్‌కతా మార్కెట్లలో పండ్లు, కూరగాయల అమ్మకం మీద చేసిన అధ్యయనం అది. అహ్మదాబాద్‌లో కొనేవాళ్లు పెట్టే రూపాయిలో కూరగాయల రైతుకు 41 నుంచి 69 పైసలు, పండ్ల రైతుకు సుమారు 25 నుంచి 53 పైసలు అందుతున్నాయని తేల్చారు. మన రైతులు ఎప్పుడూ అనే మాటే కదా అనిపిస్తుంది. తేడా ఏమిటంటే, మిగతా పైసలు ఎక్కడెక్కడ పోయాయో వాళ్లు ఒక్కో మెట్టు దగ్గర ఆగి లెక్క కట్టారు.

అదే పద్ధతిలో మేం ఒక బత్తాయి లోడుకు పట్టిక వేశాం. కోత కూలి, ఆటో కిరాయి, హమాలీ, కమీషన్, తరుగు (తూకంలో కోసేసే బరువు), ఆ తర్వాత లారీ, చిల్లర వ్యాపారి లాభం. రాసేటప్పుడు రైతులు పక్కనే కూర్చున్నారు. అందరికీ కమీషన్ మీదే కోపం. తీరా లెక్క తేలాక తరుగు గడి ఎక్కువ బాధపెట్టింది. కమీషన్ కాగితం మీద కనిపిస్తుంది, అడగొచ్చు. తరుగు కింద పోయిన కాయ బరువులోనే మాయమవుతుంది, దానికి రసీదు ఉండదు. అప్పటినుంచి బేరం ఆడేటప్పుడు టన్ను ధరతో పాటు తరుగు ఎంతో కూడా ముందే మాట్లాడుకుంటున్నాం. నా దృష్టిలో ఆ పత్రం విలువ ఇదే.

ఇబ్బందులూ ఉన్నాయి. అంతా ఇంగ్లీషే. స్టాటిస్టిక్స్ సమీకరణాలు వచ్చిన చోట కామర్స్ చదివినవాళ్లకు కూడా తల తిరుగుతుంది. అక్కడ ఆగిపోకుండా సర్వే ఎలా చేశారో చెప్పే భాగం, పట్టికలు, ముగింపు చదివితే మన పని అయిపోతుంది. అంకెలు పాతవి, ఊళ్లు వేరు. వాటిని తెచ్చి మన యార్డుకు అంటగట్టొద్దు. అడిగిన ప్రశ్నలు తీసుకుని జవాబులు మన దగ్గర వెతుక్కోవాలి.

వీడియో పాఠాలు కావాలనుకునేవాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ పోర్టల్ ఉంది. అందులో మేనేజ్‌మెంట్ కోర్సులకు బెంగళూరు ఐఐఎం సమన్వయకర్త. వినడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. బ్యాలెన్స్ షీటు అర్థం కాని సంఘం డైరెక్టర్లకు అకౌంటింగ్ కోర్సు మంచిది.

నాకున్న కోరిక ఒక్కటే. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. రెండింటిలోనూ ఎంబీఏ ఉంది. అక్కడి విద్యార్థులు ప్రాజెక్టు కోసం నకిరేకల్ నిమ్మ మార్కెట్‌నో, పాలమూరు పల్లీ యార్డునో ఎంచుకుని, ఒక్క లోడును తోట నుంచి దుకాణం దాకా వెంబడించి తెలుగులో రాస్తే, ఆ లెక్క ముందుగా చదివేది మా సంఘమే. డేటా కావాలంటే మా రిజిస్టర్లు చూపిస్తాం.