అల్లిక రెక్కల పురుగు గుడ్ల కార్డు: సరుకు మంచిదే, లేబులే దండగ

పేనుబంకని తినే అల్లిక రెక్కల పురుగు (లేస్‌వింగ్) గుడ్లు అంటించిన అట్ట ఇది. మిరప కుండీల మీద పేనుబంక కోసమైతే నిక్షేపంగా కొనుక్కోవచ్చు, నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది లేబుల్‌కి. గుంటూరులో ఒక విత్తనాల షాపులో తీసుకుని మా డాబా మీద ఆకుల అడుగున పిన్ను కొట్టాను. గుడ్లు బూడిద రంగుకి తిరిగాయంటే పిల్లలు రావడానికి సిద్ధమైనట్టే, ఇక కార్డు మొక్కకి పెట్టడం ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే తిండి దొరక్కపోతే అవి ఒకదాన్నొకటి తినేస్తాయి. తల్లి పురుగు ఒక్కో గుడ్డునీ సన్నటి కాడ చివర పెట్టేది కూడా చాలావరకు ఈ భయంతోనే. పిల్ల పురుగు చూడ్డానికి బుల్లి మొసలిలా ఉంటుంది, వంకర కోరలతో పేనుబంకని పట్టి రసం పీల్చేసి తొక్క వదిలేస్తుంది, చూస్తుంటే టైం తెలియదు.

ఇక లేబుల్. 'క్రైసోపర్లా కార్నియా' అని అచ్చేశారు. ఆ పేరు కింద ఒకే పోలికతో ఉన్న చాలా జాతులు కలిసిపోయి ఉండేవి, జత కోసం పొట్ట ఊపుతూ ఆకు ద్వారా పంపే ప్రకంపనలను బట్టి వాటిని విడదీశారు, మన దేశంలో పెంచేదాన్ని ఇప్పుడు క్రైసోపర్లా జాస్ట్రోవి సిలెమి అంటున్నారు. సరే, పాత పేరంటే సర్దుకోవచ్చు. కానీ 'పెద్ద పురుగు కూడా పేనుబంకని తింటుంది' అని రాయడం ఏంటండీ? అది క్రైసోపా అనే ఇంకో ప్రజాతి సంగతి. మన కార్డులోది రెక్కలొచ్చాక తేనె, పుప్పొడి, పేనుబంక వదిలే తీపి జిగురు మీదే బతుకుతుంది, కాబట్టి పక్కన పూతకొచ్చిన కొత్తిమీరో బంతో లేకపోతే ఎగిరిపోతుంది. ఆ ఒక్క ముక్క రాస్తే కొన్నవాళ్లకి ఉపయోగం.

షాపాయన్ని అడిగితే "అన్నీ ఒకటేనండి" అన్నాడు. ఈ క్రైసోపిడే కుటుంబంలో 1,300కి పైగా జాతులున్నాయి మహానుభావా! మూడు ఉపకుటుంబాలున్నా దాదాపు అన్నీ క్రైసోపినేలోనే ఉన్నాయి, అందులోనూ అలవాట్లు వేరు. కొన్నిటి పిల్లలు తిన్న పురుగుల తొక్కలు, చెత్త వీపు మీద మోసుకుంటూ తిరుగుతాయి, చూసి మురికి అనుకుని దులిపేయకండి. కొబ్బరి మీద సర్పిలాకార తెల్లదోమకి వదిలేది అపెర్టోక్రైసా ఆస్టర్, కోనసీమలో అంబాజీపేట పరిశోధనా స్థానంలో దాన్ని పెంచుతారు. కొబ్బరికి కావాలంటే అదేనా అని అడిగి మరీ తీసుకోండి.

చీమలు పట్టిన కుండీలో మాత్రం డబ్బు వృథా, తీపి జిగురు కోసం అవి పేనుబంకకి కాపలా కాసి ఈ పిల్లల్ని తరిమేస్తాయి, ముందు వాటి సంగతి చూడాలి. మిరప పూలలో దూరే నల్ల తామర పురుగుకి కూడా ఇదే చాలంటే నమ్మకండి, నీలం జిగురు అట్టలు కూడా కట్టుకోండి.