బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద సైకిలు: 2019 నుంచి వాడి చెప్తున్న సమీక్ష

తీరిక లేనివాళ్ళ కోసం తీర్పు ముందే చెప్పేస్తాను. బెంగళూరులో ఆఫీసుకి సైకిలు మీద వెళ్ళడం కుదురుతుంది. అయితే కుదిరేదీ కుదరనిదీ సైకిలు షాపులో తేలదు, ఇల్లు చూసుకునేటప్పుడే తేలిపోతుంది.

మాది ఒంగోలు. ఉద్యోగం మారి 2019లో ఇక్కడికి వచ్చాను. మొదట బీటీఎం లేఅవుట్‌లో పీజీ, తర్వాత అదే ఏరియాలో సింగిల్ రూము, ఇప్పుడు బెళ్ళందూరు. ఆఫీసు మాత్రం మొదటినుంచీ ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే, దేవరబీసనహళ్ళి దగ్గర. కోవిడ్‌లో ఇంటినుంచి పనిచేసిన కాలం తీసేస్తే దాదాపు రోజూ సైకిలే. నా బండి ఊళ్ళో నాన్న వాడుకుంటున్నారు.

వాతావరణానికి పూర్తి మార్కులు. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఒంగోలులో మే నెలలో పొద్దున ఏడింటికే చొక్కా వీపుకి అతుక్కుంటుంది. ఇక్కడ ఏప్రిల్‌లో కూడా ఎనిమిదిలోపు బయల్దేరితే ఆఫీసులో స్నానం అక్కర్లేదు, తడి తువ్వాలుతో తుడుచుకుని చొక్కా మార్చుకుంటే చాలు. మా బావమరిది చెన్నైలో ఉంటాడు, అక్కడ నేలంతా చదును కాబట్టి సైకిలుకి చెన్నైయే మేలని వాదిస్తాడు. చదునే, కాదనను. ఆ ఉక్కపోతలో షవర్ లేని ఆఫీసుకి సైకిలు మీద వెళ్ళి మీటింగులో పక్కవాడి దగ్గర కూర్చోమనండి చూద్దాం. ఇక్కడ ఎండతో గొడవ లేదు, గొడవంతా వానతోనే. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములతో వచ్చే వానలైనా, సెప్టెంబరు, అక్టోబరు వానలైనా సరిగ్గా ఆఫీసు వదిలే వేళకే దిగుతాయి.

బెంగళూరు చదునుగా ఉంటుందనుకుని వచ్చేవాళ్ళకి ఒక మాట. ఈ ఊరు గట్లూ లోయలూ కలిసిన నేల. పాత చెరువులన్నీ లోయల్లో ఒకదాని కింద ఒకటిగా ఉంటాయి. మడివాళ చెరువు నీళ్ళు అగర చెరువుకి, అక్కణ్ణించి బెళ్ళందూరు చెరువుకి, ఆపైన వర్తూరుకి పోయి చివరికి దక్షిణ పినాకినిలో కలుస్తాయి. బీటీఎం నుంచి నా పాత దారి కూడా ఇంచుమించు ఆ నీళ్ళ వెంటే. అందుకే పొద్దున హాయిగా సాగిపోయేది, సాయంత్రం అలిసిపోయి ఉన్నప్పుడు ఎక్కుడు. మీ దారి ఎలా ఉంటుందో తెలియాలంటే మ్యాపులో చెరువులు ఎక్కడున్నాయో చూడండి. చెరువు కట్ట దగ్గరికి దిగితే మళ్ళీ ఎక్కక తప్పదు. బెళ్ళందూరు చెరువు పక్కనుంచి వెళ్ళేవాళ్ళకి వాసన అదనం. నురగ కక్కి, నిప్పు కూడా అంటుకుని వార్తల్లోకెక్కిన చెరువు మరి.

ఇక అసలు సంగతి, ఇల్లు. అందరూ కిలోమీటర్లు లెక్కపెడతారు. నన్నడిగితే పెద్ద జంక్షన్లు లెక్కపెట్టమంటాను. పన్నెండు కిలోమీటర్లు కాలనీ రోడ్లలో తొక్కొచ్చు. సిల్క్ బోర్డు లాంటి జంక్షన్ రోజుకి రెండుసార్లు దాటడం మాత్రం ప్రాణాంతకం. బీటీఎంలో ఉన్నప్పుడు ప్రయాణం నలభై నిమిషాలు పట్టేది. అందులో నన్ను పిండేసింది సిల్క్ బోర్డు దగ్గరి ఆ కొంచెం దూరమే. అక్కడ ఐదు వైపులనుంచీ బస్సులు, మెట్రో పిల్లర్ల కోసం తవ్విన గుంతలు, ఎర్ర లైటు పడ్డా ఆగని బైకులు. అది దాటి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ లోపలి రోడ్లలోకి చేరితే చాలు, చెట్ల నీడన అగర దాకా టెన్షన్ లేదు. మళ్ళీ ఇబ్లూరులో సర్జాపుర రోడ్డు కలిసేచోట ఇంకో గండం.

రెండో లెక్క, రింగ్ రోడ్డుకి ఏ వైపు అన్నది. చాలామంది బ్రోకర్ మాట నమ్మి 'ఆఫీసుకి ఎదురుగానే' అని ఇల్లు తీసుకుంటారు. ఎదురుగానే ఉంటుంది, చేరడమే కష్టం. మధ్యలో దాటే దారి లేదు. తర్వాతి జంక్షన్ దాకా వెళ్ళి తిరిగి రావాలి, లేదా సైకిలు భుజాన వేసుకుని స్కైవాక్ (రోడ్డు మీదుగా నడిచి దాటే వంతెన) మెట్లెక్కాలి. పదిహేను కిలోల సైకిలు, లాప్‌టాప్ బ్యాగు, ఆ మెట్లు: వారం రోజులకే సరదా తీరిపోతుంది. మా టీమ్‌లో ఒకతను ఎదురుగా ఇల్లు తీసుకుని, సర్వీసు రోడ్డులో రాంగ్ సైడ్ రావడం మొదలుపెట్టి, చివరికి సైకిలు అమ్మేశాడు. అందుకే నేను ఇల్లు మారినప్పుడు ఆఫీసున్న వైపే వెతికాను. అద్దె ఎక్కువే. అడ్వాన్సు సంగతి సరేసరి, ఇక్కడ ఐదారు నెలల అద్దె ముందే అడుగుతారు, ఇప్పటికీ పది నెలలు అడిగే ఓనర్లున్నారు. కానీ ఇప్పుడు పెద్ద జంక్షన్ ఒక్కటీ తగలకుండా పావుగంటలో ఆఫీసు గేటు దగ్గరుంటాను. నేను పెట్టిన ఖర్చుల్లో సైకిలుకి బాగా పనికొచ్చింది ఈ అద్దె తేడానే.

సైకిల్ లేన్ల మీద ఆశ పెట్టుకుని మాత్రం రాకండి. 2020లో సిల్క్ బోర్డు నుంచి కేఆర్‌పురం వైపు రింగ్ రోడ్డు పక్కన పాప్-అప్ (తాత్కాలిక) సైకిల్ లేన్ అని బొల్లార్డులు, అంటే అడ్డుగా నిలబెట్టే పొట్టి స్తంభాలు, పాతారు. అంతకుముందు ఏడాదే బస్సులకి ప్రత్యేక లేన్ వచ్చింది, దాని పక్కన ఇది. కొన్నాళ్ళు నిజంగా బాగుంది. తర్వాత బొల్లార్డులు ఒక్కొక్కటే విరిగాయి, సందుల్లోంచి బైకులు దూరాయి, ఆపైన మెట్రో బ్లూ లైన్ పనులకి బారికేడ్లు వచ్చి మిగిలిందీ పోయింది. జయనగర్‌లో అంతకు చాలా ఏళ్ళ ముందే వేసిన సైకిల్ ట్రాకులు కార్ల పార్కింగుకి బాగా ఉపయోగపడుతున్నాయి. ఆదివారం కబ్బన్ పార్కులో కార్లు ఆపేసిన రోడ్ల మీద తొక్కడం వేరు, సోమవారం పొద్దున రింగ్ రోడ్డు వేరు.

రింగ్ రోడ్డు మీద తొక్కడానికి నేను పాటించే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఫ్లైఓవర్ ఎక్కను, ఎంత ఖాళీగా ఉన్నా సరే, కిందనుంచే. మెయిన్ రోడ్డులోంచి సర్వీసు రోడ్డులోకి బండ్లు దిగేచోట అన్నిటికన్నా ఎక్కువ భయం. క్యాబులు ఇండికేటర్ వేయకుండా ఎడమకి కోసుకుని వస్తాయి. అక్కడ తొక్కడం ఆపి, ఒకసారి తల తిప్పి చూసి, చెయ్యి చాపి మరీ వెళ్తాను. చెయ్యి చాపితే చాలామంది ఆగుతారు, ఈ విషయంలో ఊరికి మంచి మార్కులే వేయాలి. బీఎంటీసీ (సిటీ) బస్సు స్టాపులో ఆగబోతుంటే దాని ఎడమ పక్కకి దూరడం ఆత్మహత్యే. వెనకే ఆగాలి, లేదా కుడివైపునుంచి దాటాలి. డ్రైవరుకి అద్దంలో మనం కనబడేంత వెనకే ఉండటం మేలు. ఇక హంపులు. గీతలుండవు, బోర్డు ఉండదు, రాత్రి వీధి లైటు కూడా ఉండదు. అందుకే ముందు లైటు కేవలం మనం కనబడటానికి సరిపోయేది కాకుండా, రోడ్డు కనబడేంత వెలుగున్నది కొనండి. మూడు నాలుగు వందల ల్యూమెన్లు (వెలుగు కొలత) ఉన్నది నాకు సరిపోతోంది.

సైకిలు సంగతి త్వరగా ముగిస్తాను. నాది ఎనిమిది గేర్ల మామూలు హైబ్రిడ్ (రోడ్ బైకుకీ మౌంటెన్ బైకుకీ మధ్యరకం), సస్పెన్షన్ లేదు. టైర్లు 38 మిల్లీమీటర్లవి. రోడ్ బైకుల సన్నటి టైర్లతో వచ్చేవాళ్ళని చూస్తే జాలేస్తుంది, డ్రైనేజీ మీద పరిచిన సిమెంటు పలకల మధ్య సందుల్లో అవి ఇట్టే ఇరుక్కుంటాయి. మడ్‌గార్డులు పూర్తి పొడవున్నవే వేయించుకోండి. వీపు మీద బ్యాగు బదులు వెనక క్యారియర్, దానికి తగిలించే సంచి ఉంటే చెమట సగానికి సగం తగ్గుతుంది. మెట్రో పనుల దుమ్ము చెయినుకి పట్టి గ్రీజుతో కలిసి సానరాయిలా అరగదీస్తుంది, కాబట్టి వారానికోసారి తుడిచి నూనె వేయకపోతే చెయినుతో పాటు వెనక గేరు పళ్ళు కూడా మార్చాల్సొస్తుంది.

ట్యూబు వాల్వు ఏ రకమో షాపులోనే చూసుకోండి. ఇది ఎవరూ చెప్పరు. మడివాళలో నేను వెళ్ళే పంక్చర్ షాపాయనది మదనపల్లె. ఒకసారి స్నేహితుడి ఖరీదైన సైకిలు తీసుకెళ్తే, సన్నటి ప్రెస్టా వాల్వుని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి మా నాజిల్ పట్టదన్నా, కారు వాల్వు ఉండేది తెచ్చుకో, యాడికి పోయినా గాలి పడతాది" అన్నాడు. కారు వాల్వు అంటే ష్రేడర్. కార్లకీ బైకులకీ ఉండేది అదే కాబట్టి పెట్రోలు బంకులో కూడా గాలి పట్టుకోవచ్చు. ప్రెస్టానే ఉంటే పదుల రూపాయల్లో దొరికే చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి తాళాల గుత్తికి తగిలించుకోండి. అదే ఆయన నన్నూ వదల్లేదు, "ఇంజనీరువి కదన్నా, బండి కొనుక్కోరాదా?" అన్నాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

గేటు దగ్గరి చిక్కులు మాత్రం ఊహించలేదు. నేను పనిచేసిన ఒక టెక్ పార్కులో బేస్‌మెంట్‌లోకి వెళ్ళాలంటే వాహనం నంబరు రిజిస్టరులో రాయాలి. సైకిలుకి నంబరెక్కడిది? సెక్యూరిటీ అతను పాపం ఏంచేస్తాడు, అతని కంప్యూటరులో ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకి పోదట. చాలా మెయిళ్ళ తర్వాత నా ఉద్యోగి నంబరే సైకిలు నంబరుగా ఖాయమైంది. అద్దె ఇంట్లోనూ ఇదే గోల, కొన్ని అపార్టుమెంట్లలో సైకిలుని లిఫ్టులో పైకి తేనివ్వరు, కింద పెడితే పిల్లల సైకిళ్ళ గుట్టలో కలిపేస్తారు. ఇల్లు మాట్లాడుకునేటప్పుడే ఈ విషయం ఓనరుతో తేల్చుకోండి. తాళం యూ ఆకారంలో ఉన్నది కొని, చక్రానికి ఒక్కదానికే కాకుండా ఫ్రేముకీ స్తంభానికీ కలిపి వేయండి.

వాన రోజుకి ఒక దారి ముందే అనుకోవాలి. నా దారి రింగ్ రోడ్డు మీద తిరిగే 500డి బస్సు. మబ్బు పట్టిందంటే సైకిలుకి ఆఫీసులోనే తాళం వేసి బస్సెక్కడం, మర్నాడు బస్సులో వచ్చి సాయంత్రం సైకిలు మీద ఇంటికి. మెట్రోలో మడతపెట్టే సైకిళ్ళని మాత్రమే రానిస్తారు, మామూలువి కుదరవు. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు దగ్గర రింగ్ రోడ్డు మునిగి, ఉద్యోగులు ట్రాక్టర్ల మీద ఆఫీసులకి వెళ్ళారు కదా, ఆ వారం నేను సైకిలు ముట్టుకోలేదు. నిలిచిన నీళ్ళలో మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో ఎవరికి తెలుసు? రెయిన్‌కోటు ఎంత మంచిదైనా దానికి జవాబు చెప్పదు.

ఖర్చు సంగతి: ఏడాదికి సర్వీసింగు, టైర్లు, చెయిను అన్నీ కలిపినా నా స్నేహితుల పెట్రోలు ఖర్చులో ఒక మూల. బరువు తగ్గుతారా అంటే, సాయంత్రం దారిలో ఆంధ్రా మెస్సులు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి. దుమ్ముకి మాత్రం కళ్ళకి తెల్లద్దాలు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఆస్తమా ఉన్నవాళ్ళు మెట్రో పనులు జరిగే రోడ్లని వదిలేసుకోవడం మంచిది.

ఇల్లూ ఆఫీసూ ఎనిమిది కిలోమీటర్ల లోపు, రింగ్ రోడ్డుకి ఒకే వైపు, పొద్దున త్వరగా వెళ్ళి సాయంత్రం ఆరులోపు బయటపడే ఉద్యోగం: ఇలాంటివాళ్ళు కళ్ళు మూసుకుని సైకిలు కొనుక్కోవచ్చు. వైట్‌ఫీల్డ్‌లో ఇల్లు, ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసు, అంటే ఊరికి ఆ కొసా ఈ కొసా అయితే వద్దు. రాత్రి షిఫ్టులవాళ్ళకీ చెప్పను, పన్నెండు దాటాక వీధి కుక్కలదే రాజ్యం, వాటిముందు గేర్లేవీ పనిచేయవు. ఈ రెండిటికీ మధ్యన ఉన్నవాళ్ళు ముందు ఒక నెల అద్దె సైకిలు మీద తిరిగి చూడండి, అడ్వాన్సు కట్టేది ఆ తర్వాతే.