ఊర్లో అందరికీ కలిపి ఇల్లు కట్టిస్తున్నారా? త్రీడీ బొమ్మ చూసి అడ్వాన్స్ ఇవ్వకండి

తాండూరు దగ్గర మా ఊర్లో పాత ఇల్లు కూలేలా ఉందని, దాని వెనక మా చేనులోనే నాయనమ్మ, అమ్మానాన్న, అన్నావదినలు, మేము, నలుగురు పిల్లలు పండగలకీ సెలవులకీ కలిసుండేలా ఇల్లు కట్టుకుందామనుకున్నాం. ఫామ్‌హౌస్ డిజైన్ చేసి, కట్టి తాళాలు చేతికిస్తామన్న ఒక హైదరాబాద్ కంపెనీకి పని అప్పజెప్పాం. వ్యవహారం నోటీసుల దాకా వచ్చింది కాబట్టి పేరు రాయను.

నాయనమ్మకి ఎనభై రెండేళ్లు, వాకర్ పట్టుకుని నడుస్తుంది. ఈ మాట మొదటి రోజే చెప్పాం. తీరా చూస్తే హాలు రెండు మెట్లు కిందికి దింపారు, స్టైల్ అట. ఆమె బాత్రూమ్ తలుపు రెండున్నర అడుగులు, ఫ్రేమ్ పోగా వాకర్ అడ్డం పడుతుంది. రేపు చక్రాల కుర్చీ వస్తే కనీసం మూడడుగుల దారి కావాలి. ఇక ర్యాంప్ సంగతి. బేస్‌మెంట్ ఎత్తు రెండున్నర అడుగులు, ర్యాంప్ పొడవు పది అడుగులు. బొమ్మలో ముచ్చటగా ఉంది, పక్కన పూలకుండీలు కూడా పెట్టారు. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు చొప్పున ముప్పై అడుగులు రావాలని మాకు తెలీదు సరే, ఫీజు తీసుకున్నవాళ్లకి తెలియాలి కదా? ఇప్పుడు దాని మీద పిల్లలు జారుడుబండ ఆడుతున్నారు.

అసలు దెబ్బ పునాది దగ్గర పడింది. మాది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, వేసవిలో కందిచేలో చెయ్యి పట్టేంత నెర్రెలు పడతాయి. ఊరి మేస్త్రీ ముందే చెప్పాడు, "అన్నా, ఈ మట్టిల మామూలు పునాది ఆగది" అని. మేము కంపెనీ ఇంజనీర్ మాట విన్నాం. మట్టి పరీక్ష చెయ్యకుండానే నాలుగడుగుల లోతులో మామూలు ఫుటింగులు వేసేశాడు. ఏడాది తిరిగేసరికి కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు. అడిగితే ప్లాస్టర్ క్రాక్ సార్, పుట్టీ పెడితే పోతుంది అన్నారు. రెండుసార్లు పెట్టారు, రెండుసార్లూ మళ్లీ విచ్చుకుంది. తర్వాత వేరే ఇంజనీర్‌కి చూపిస్తే, ఇలాంటి నేలలో అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు (అండర్ రీమ్డ్ పైల్స్) కదలని పొర దాకా దింపి, పైన బీములు కట్టాల్సింది అన్నాడు.

రేటు మాయ ఇంకోటి. చదరపు అడుగుకి 1,850 అన్నారు, బాగానే ఉందనుకున్నాం. అగ్రిమెంట్ చిన్నక్షరాల్లో చూస్తే పోర్టికో, సిటౌట్ కూడా అదే రేటుకి లెక్క, సంపు, సెప్టిక్ ట్యాంక్, బోరు, కరెంటు లైను మాత్రం ఆ రేటులో రావు. ఆ సెప్టిక్ ట్యాంక్ కూడా బోరుకి ఇరవై అడుగుల్లో తవ్వబోతే నాన్న అడ్డం పడి ఆపించాడు, లేకపోతే ఆ నీళ్లే తాగేవాళ్లం.

సంతకానికి ముందు మట్టి పరీక్ష రిపోర్టు చేతికి తీసుకోండి, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లని వెంటబెట్టుకుని ప్లాన్ ప్రకారం స్థలంలో సున్నంతో గీతలు గీయించి నడిపించండి. వాకర్ ఎక్కడ ఆగుతుందో అక్కడే తెలిసిపోతుంది. డబ్బు స్లాబు, గోడలు అంటూ పని అయినకొద్దీ ఇవ్వండి. మేము ముందే సగం డబ్బు ఇచ్చేశాం, అందుకే ఇప్పుడు మా ఫోన్ ఎత్తేవాడు లేడు. మా అగ్రిమెంట్‌లో ఏయే క్లాజులు ముంచాయో కావాలంటే అడగండి, టైపు చేసి పెడతాను.